రెండు ఆఫర్ లెటర్లు, ఒక బాకీ

(పైలట్ శిక్షణ పూర్తిచేసిన తెలుగు యువతీయువకులు, వారి తల్లిదండ్రుల ముందు ఒడిశాలోని బరంపురంలో ఒక కెప్టెన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో నేను ఇదివరకు కూర్చున్నది పెళ్ళిళ్ళలోనే. ఇక్కడ మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి.

నేనిక్కడికి రావడానికి కారణం ఒక ఫోను. పోయిన నెల మన ఊరబ్బాయే ఒకడు చేశాడు. "అన్నా, రెండు కంపెనీల నుంచి ఆఫర్ వచ్చింది, ఎందులో చేరమంటారు?" అన్నాడు. లెటర్లు రెండూ చదివావా అని అడిగాను. "చదివానన్నా, ఒకదాంట్లో నెలకు పాతిక వేలు ఎక్కువ" అన్నాడు. మిగతా పేజీల్లో ఏముంది అన్నాను. కాసేపు మాట లేదు. "చివరి పేజీలో సంతకం పెట్టాలన్నా" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ వయసులో నేనూ అంతే. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఆ తరవాత టైప్ రేటింగ్, అంటే ఏ విమానం నడపాలో ఆ విమానం మీద ప్రత్యేక శిక్షణ. ఇవన్నీ అయ్యేసరికి ఇంట్లో అరకోటికి పైగా కరిగిపోతుంది. ఏళ్ళ తరబడి ఉద్యోగం కోసం ఎదురుచూసి, ఒకటి కాదు రెండు ఉత్తరాలు చేతికొచ్చిన రోజున చివరి పేజీ తప్ప ఇంకేమీ కనపడదు. ఆ మధ్య పేజీల గురించి మాట్లాడదామనే వచ్చాను.

నాకు మొదట రెండు ఆఫర్లు వచ్చినప్పుడు వాటిని చదివింది మా నాన్న. మాది నేత ఇల్లు. బరంపురం పట్టుచీర, కుంభం అంచు, ఇక్కడ చాలామందికి నేను చెప్పక్కర్లేదు. నాన్నకు ఇంగ్లీషు రాదు. మగ్గం గుంట అంచున కూర్చుని నేను ఒక్కో లైను చదివి తెలుగులో చెబుతుంటే, ఆయన పట్టు పోగు ముడి వేస్తూ విన్నారు. ఆ వేళ్ళకు లక్క ఎరుపు రంగు అంటి ఉంది. జీతం దగ్గర ఆయన ఏమీ అనలేదు. బాండ్ దగ్గరకు రాగానే చెయ్యి ఆగింది.

"టైప్ రేటింగ్ ఖర్చు కంపెనీ పెడుతుంది నాన్నా. ఐదేళ్ళు పనిచెయ్యాలి. మధ్యలో మానేస్తే 25 లక్షలు కట్టాలి" అన్నాను.

"రెండోదాంట్లోనో?"

"అందులోనూ అంతే. 25 లక్షలు, ఐదేళ్ళు."

ఆయన కాసేపు ఆలోచించి, "మూడేళ్ళు నేసినాక కూడా బాకీ అంతే ఉంటాదేటిరా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకుని మగ్గం ఎక్కినవాడికి ఒక్కో చీరకు కూలిలో కొంత కోత పడుతుంది, బాకీ తగ్గుతూ వస్తుంది. కానీ కొందరు షావుకార్లుంటారు, కూలి తక్కువిస్తారు, బాకీ మాత్రం తగ్గదు. ఎన్నేళ్ళు నేసినా మొదటి రోజు ఎంత ఉందో అంతే. ఆ మగ్గం మీంచి మనిషి దిగలేడు. "నీ కాయితంలో కోత ఉందో లేదో చూడు" అన్నారు.

మళ్ళీ చదివాను. ఒక లెటర్లో ఏడాదికి 5 లక్షల చొప్పున బాండ్ తగ్గుతుందని రాసి ఉంది. మూడేళ్ళయ్యాక వెళ్ళిపోతే కట్టాల్సింది 10 లక్షలు. రెండోదాంట్లో ఆ మాటే లేదు. నాలుగేళ్ళ పదకొండు నెలలు పనిచేసి మానేసినా 25 లక్షలూ కట్టాల్సిందే. పైగా తేదీ వెయ్యని చెక్కులు ముందే సంతకం పెట్టి ఇమ్మన్నారు. ఆ రెండో లెటర్లోనే జీతం ఎక్కువ. అన్ని పరీక్షలూ పాసై వచ్చిన నాకు కనపడని తేడా, ఇంగ్లీషు రాని మా నాన్నకు ఒక్క ప్రశ్నలో దొరికింది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ చేతిలో రెండు లెటర్లుంటే ముందు ఆ కంపెనీ నుంచి బయటికి ఎలా వెళ్ళాలో రాసిన పేజీ తియ్యండి. లోపలికి ఎలా వస్తారో వాళ్ళే చక్కగా చెబుతారు. టికెట్ పంపిస్తారు, హోటల్ బుక్ చేస్తారు. బయటికి వెళ్ళే దారి మాత్రం మీరే వెతుక్కోవాలి.

ఆ దారిలో బాండ్ ఒక్కటే లేదు. నోటీస్ పీరియడ్ ఉంది. మామూలు ఉద్యోగాల్లో ఒక నెల, మహా అయితే మూడు నెలలు. పైలట్ల విషయంలో, మన విమానయానానికి రూల్సు పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ పక్కన కూర్చుని నడిపే ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది. అభ్యంతరం లేదని పాత కంపెనీ ఎన్‌ఓసీ ఇవ్వకుండా కొత్త కంపెనీ మిమ్మల్ని తీసుకోకూడదు. పైలట్లు ఒక్కసారిగా వెళ్ళిపోతే విమానాలు రద్దయి ప్రయాణికులు రోడ్డున పడతారన్నది ఆ నిబంధన వెనక కారణం. 2023లో ఆకాశా ఎయిర్‌లో కొంతమంది పైలట్లు నోటీసు పూర్తి చెయ్యకుండా మానేస్తే ఆ గొడవ హైకోర్టుల దాకా వెళ్ళింది. ఈ నిబంధన మంచిదా చెడ్డదా అని పైలట్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నా మటుకు నాకు ఏడాది అన్నది మరీ ఎక్కువ. కానీ అది ఉన్నంత కాలం, "ఇప్పటికి ఇందులో చేరతాను, ఇంకో మంచిది వస్తే మారిపోతాను" అనే లెక్క పనికిరాదు. మీరు మారాలనుకున్న రోజుకూ నిజంగా మారే రోజుకూ మధ్య మన ఊరి ఠాకురాణి జాతర ఒకటి వచ్చి వెళ్ళిపోవచ్చు.

ఇక జీతం. జీతం చూడొద్దని నేను చెప్పను. బ్యాంకు వాడు చూస్తాడు, ఇంట్లో అమ్మ చూస్తుంది. చూసే పద్ధతి చెబుతాను. పైలట్ జీతంలో రెండు ముక్కలుంటాయి. ఎగిరినా ఎగరకపోయినా వచ్చేది ఒకటి, ఎగిరిన గంటలను బట్టి వచ్చేది ఇంకోటి. ఇంటర్వ్యూలో మీకు చెప్పేది రెండూ కలిపిన అంకె.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. మొదటి కంపెనీ నెలకు 70 గంటలకు గ్యారంటీగా 1,80,000 ఇస్తుందనుకోండి. రెండోది 40 గంటలకు 1,00,000 గ్యారంటీ, ఆపైన గంటకు 3,500. నెలకు 70 గంటలు ఎగిరితే రెండోదాంట్లో 2,05,000 వస్తుంది. ఇదే ఆ పాతిక వేలు. ఇప్పుడు ఒక నెల విమానాలు తక్కువయ్యాయి, మీకు 45 గంటలే దొరికాయి. మొదటి కంపెనీలో జీతం కదలదు. రెండోదాంట్లో 1,17,500. అరవై లక్షల అప్పు పదిహేనేళ్ళకు, పదిన్నర శాతం వడ్డీకి తీసుకుని ఉంటే నెల వాయిదానే 66 వేలు దాటుతుంది. దిల్లీలోనో ముంబైలోనో ఇంటద్దె కట్టాక మిగిలేదెంతో మీరే చూసుకోండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గంటల లెక్క మీద ఆధారపడ్డ వాళ్ళ పరిస్థితి ఏమైందో నేను కళ్ళారా చూశాను. నాతో ఎగిరిన కుర్రాడు ఒకడు ఈఎంఐ కట్టలేక వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టాడు. ఆ అబ్బాయి ఇప్పుడు బాగున్నాడు. ఆ గాజులు కూడా వెనక్కి వచ్చాయి.

బేస్, అంటే మన డ్యూటీలు మొదలయ్యే ఊరు. దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. నేను దెబ్బతిన్నది అక్కడే.

నాన్న మాట విని బాండ్ తగ్గే కంపెనీలోనే చేరాను. అది మంచిదే అయింది. కానీ ఇంకో లైను నేనూ చూడలేదు, నాన్నా అడగలేదు. బేస్ హైదరాబాద్ అని రాసి, దాని కింద "కంపెనీ అవసరాలను బట్టి ఎప్పుడైనా మార్చవచ్చు" అని ఉంది. ఆ కంపెనీ పేరు నేను చెప్పను. చేరిన రెండో నెలలో నన్ను గువాహటికి మార్చారు. మొదట్లో బాధ అనిపించలేదు. కొత్త ఊరు, కొండలు, బ్రహ్మపుత్ర మీదుగా దిగడం ఒక సంబరం.

మాఘమాసంలో ఒక రాత్రి పదకొండింటికి చెల్లి ఫోన్ చేసింది. నాన్నకు గుండెల్లో నొప్పి, మెడికల్ కాలేజీకి తీసుకొచ్చాం అంది. నేను ఆ రాత్రి స్టాండ్‌బైలో ఉన్నాను. అంటే ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే నేను వెళ్ళి నడపాలి. వేరేవాళ్ళను దొరకబుచ్చుకుని నన్ను వదిలేసరికి తెల్లవారింది. కోల్‌కతాకు సీటు మధ్యాహ్నానికి గాని దొరకలేదు. కోల్‌కతా నుంచి భువనేశ్వర్ ఫ్లైట్ పొగమంచుకు ఆలస్యమై చివరికి రద్దయింది. హౌరాలో రైలెక్కాను. జనరల్ బోగీలో, యూనిఫాం ప్యాంటు మీద, తలుపు దగ్గర నిలబడి చిలికా సరస్సు దాటుతుంటే చేతిలో ఫోను మోగుతుందేమోనని భయం. ఇల్లు చేరేసరికి మూడో రోజు ఉదయం. నాన్న బతికారు. మంచం మీంచి నన్ను చూసి, "డ్యూటీ ఒగ్గీసి ఎందుకొచ్చావురా" అన్నారు.

మన గంజాం జిల్లాకు ఈ దూరం కొత్తది కాదు. సూరత్ మరమగ్గాలకు మనిషిని పంపని వీధి మన జిల్లాలో వెతికినా దొరకదు. ఇంటికి రావాలంటే ఎన్ని రైళ్ళు మారాలో లెక్కపెట్టుకునే మనుషులం మనం. విమానం నడిపేవాడికి ఆ బాధ ఉండదని అందరూ అనుకుంటారు. ఉంటుంది. అందుకే రెండు ఆఫర్లు పోల్చేటప్పుడు కాగితం మీద బేస్ పేరు చూసి ఊరుకోకండి. దాన్ని మార్చే హక్కు ఎవరికుంది, ఎన్ని రోజుల ముందు చెబుతారు, తిరిగి కోరుకున్న బేస్‌కు రావడానికి వరస ఎలా ఉంటుంది, ఇంటికి వెళ్ళడానికి స్టాఫ్ టికెట్ దొరుకుతుందా అని అడగండి. భువనేశ్వర్ బేస్ ఉన్న కంపెనీలో పనిచేస్తే రెండున్నర గంటల రైలు ప్రయాణంలో మీ ఇంట్లో ఉంటారు. విశాఖ అయితే ఇంకాస్త దూరం. భోగాపురం విమానాశ్రయం మనకు విశాఖ కంటే దగ్గర, ముందుముందు అక్కడ ఏ కంపెనీ ఎన్ని విమానాలు పెడుతుందో కనిపెట్టి ఉండండి.

దీంతోపాటే రోస్టర్, అంటే నెల డ్యూటీల పట్టిక. వారానికి ఇచ్చే విశ్రాంతిని డీజీసీఏ 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. ఏడాదికి 1000 గంటలకు మించి ఎగరకూడదు. రూలు అందరికీ ఒకటే. ఆ రూలు లోపల మీ నిద్రను ఎలా ముక్కలు చేస్తారన్నది మాత్రం కంపెనీ కంపెనీకీ మారుతుంది. ఇది ఏ లెటర్లోనూ ఉండదు. అక్కడ పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్ ఎవరినైనా పట్టుకుని, పోయిన నెల రోస్టర్ ఒకసారి చూపించమని అడగండి. వరసగా ఎన్ని రాత్రులు వేశారో చూడండి. చాలామంది చూపిస్తారు, మనవాళ్ళు మంచివాళ్ళు.

ఏటీఆర్‌లో చేరాలా, జెట్‌లో చేరాలా అని చాలామంది అడుగుతారు. దీని గురించి ఎక్కువ చెప్పను. ఏటీఆర్ అంటే రెక్కకు పంకా ఉండే డెబ్బై సీట్ల విమానం, దాన్ని చిన్నచూపు చూడకండి. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు ఉండాలి, దానికి 1500 గంటలు కావాలి. ఆ గంటలు ఏటీఆర్ మీద వచ్చినా గంటలే. చిన్న రన్‌వే మీద గాలివానలో దిగడం నేర్చినవాడికి ఆ తరవాత ఏదీ భయం వెయ్యదు. మన కోరాపుట్ జిల్లా జయపురానికి తొమ్మిది సీట్ల విమానం నడిచింది. ఆ కొండల మధ్య అలాంటి విమానం నడిపేవాళ్ళను చూస్తే నాకు చాలా గౌరవం.

కంపెనీ నిలబడుతుందా లేదా అన్నది మీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయింది. మూడూ తమ రోజుల్లో అందరూ చేరాలని కోరుకున్న కంపెనీలే. కంపెనీ మూతబడితే పోయేది జీతం ఒక్కటే కాదు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్, అంటే నేల మీదే విమానం నడిపినట్టుండే యంత్రంలో పరీక్ష కావాలి, 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. విమానం లేకపోతే అవి ఎక్కడ చేస్తాం? సొంత డబ్బుతో సిమ్యులేటర్ ఎక్కాలి. అందుకని చేరేముందు ఆ కంపెనీ విమానాల్లో ఎన్ని ఎగురుతున్నాయో, ఎన్ని ఇంజిన్ల కోసం నేల మీద నిలబడి ఉన్నాయో వాకబు చెయ్యండి. తమ విమానాల్లో సగం దాకా ఇంజిన్లు లేక ఆగిపోయాయనే గో ఫస్ట్ చెప్పింది. కొత్త విమానాలు ఎన్ని ఆర్డర్ చేశారన్న వార్త కంటే మీకు ఈ లెక్కే ముఖ్యం.

ఇంకొకటి విలీనం. ఇది మన నేలకు పాత కథే. ఒడిశా ముఖ్యమంత్రిగా చేసిన బిజూ పట్నాయక్ గారి తండ్రి ఊరు మన గంజాంలోని బెలగుంఠా. బిజూ గారు పెట్టిన కళింగ ఎయిర్‌లైన్స్, హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్, ఇంకా మరికొన్ని కలిసి 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. రెండు కంపెనీలు కలిసినప్పుడు ప్రయాణికుడికి మారేది విమానం మీది రంగు. పైలట్‌కు మారేది వరసలో స్థానం. మన వృత్తిలో ఎవరు ముందు కెప్టెన్ అవుతారు, ఎవరికి ఏ బేస్, పండక్కి ఎవరికి సెలవు, ఇవన్నీ చాలావరకు సీనియారిటీ నంబరు మీద నడుస్తాయి. కంపెనీ మారితే ఎంత అనుభవమున్నా కొత్తచోట వరస చివర్నుంచే మొదలు. కాబట్టి రెండు ఆఫర్లలో ఒకటి పది రోజుల ముందు చేరమంటే ఆ పది రోజులను తేలిగ్గా తీసుకోకండి. ఒక బ్యాచ్ ముందు చేరితే ముప్ఫై, నలభై మందికి ముందుంటారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ తేడా పోదు.

రెండో వరసలో అమ్మగారు చెయ్యెత్తారు. చెప్పండమ్మా. మా అమ్మాయికి ఒంట్లో ఏదైనా తేడా వస్తే అప్పు ఎవరు తీరుస్తారు అంటున్నారు.

మంచి ప్రశ్న అడిగారమ్మా. నిజానికి ఇది నేనే ముందు చెప్పాల్సింది. పైలట్‌కు క్లాస్ వన్ మెడికల్ అని ఆరోగ్య సర్టిఫికెట్ ఉంటుంది. అది పోతే లైసెన్సు ఉన్నా ఎగరలేరు. ఇరవై ఐదేళ్ళ పిల్లకైనా బైకు మీంచి పడి మోకాలు విరగొచ్చు, చెవికి ఏదో రావచ్చు. దీనికోసం లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ అని ఉంటుంది. మీ అమ్మాయి రెండు లెటర్లలో ఏది ఈ ఇన్సూరెన్స్ ఇస్తుందో, ఎంతకు ఇస్తుందో చూడండి. కొద్ది నెలలు ఎగరలేకపోతే ఎన్నాళ్ళు జీతం వస్తుంది, శాశ్వతంగా పోతే ఎంత వస్తుంది, బాండ్ మాఫీ అవుతుందా లేదా, ఈ మూడూ విడివిడిగా అడగండి. ఈమెయిల్లో అడగండి, జవాబు ఈమెయిల్లోనే రావాలి. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు. కంపెనీ ఇవ్వకపోతే సొంతంగా కట్టుకోండి. ఆ ప్రీమియం కట్టాక కూడా ఏది లాభమో అప్పుడు తేలుతుంది. అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని భయపడకండమ్మా. నేను కొత్తవాళ్ళ ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. కాగితం చదివి ప్రశ్న అడిగిన పిల్లను చూస్తే, ఈమె చెక్‌లిస్ట్ కూడా ఇలాగే చదువుతుంది అనుకుంటాం.

గల్ఫ్ గురించి వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. నాకూ వచ్చింది ఆ ఆఫర్, కెప్టెన్ అయ్యాక. పన్ను లేదు, ఇల్లు వాళ్ళే ఇస్తారు, పిల్లల స్కూలు ఫీజు ఇస్తారు. నా భార్యా నేనూ మూడు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నాం. నాకు ఒకటే గుర్తొచ్చింది. అక్కడ ఉద్యోగం, ఇల్లు, వీసా, పిల్లల బడి అన్నీ ఒకే ముడి. ఉద్యోగం పోయిన రోజున అన్నీ ఒకేసారి విప్పుకుపోతాయి. 2020లో అక్కడి పెద్ద కంపెనీలు కూడా వందల మంది పైలట్లను తీసేశాయి. అప్పటికి అమ్మ ఒక్కతే ఉంది ఇక్కడ. భువనేశ్వర్ బేస్ దొరికింది, జీతం తక్కువే అయినా ఉండిపోయాను. వెళ్ళిన నా స్నేహితులు తప్పు చేశారని అనను. వాళ్ళు అప్పులు తీర్చారు, తమ్ముళ్ళను చదివించారు. ఎవరింటి లెక్క వాళ్ళది.

నాకు రేపు తెల్లవారుజామున భువనేశ్వర్‌లో రిపోర్టింగ్ ఉంది, ఏడింటి రైలుకు వెళ్ళాలి. అప్పటిదాకా ఆ పక్క బల్ల దగ్గరే ఉంటాను. లెటర్లు తెచ్చినవాళ్ళు తీసుకురండి, కలిసి చదువుదాం. అమ్మానాన్నల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఒక్కో లైను తెలుగులో చెప్పండి, వాళ్ళేం అడుగుతారో విందాం.